వగలమారి వంకాయ

ఆ రోజుల్లో మా రామన్నపేటలో చదువుకున్న ఆడపిల్లకు రెండు రకాల తెలుగు ఉండేది. ఒకటి ఇంట్లో మాట్లాడేది, రెండోది రేడియోలో విని నేర్చుకున్నది. కోపాలూ కొట్లాటలూ మొదటిదాంట్లోనే సాగేవి. రెండోది ముఖానికి పౌడరులాగా బయటికి పోయేటప్పుడే పనికొచ్చేది (చెమట పడితే పౌడరూ, ఆ తెలుగూ రెండూ చారలు కట్టేవి). డిగ్రీ అయిపోయిన ఏడు, హాలియాలో ఒక ప్రైవేటు బడికి తెలుగు టీచరు కావాలని తెలిసింది. "నౌకరి దొరికితే మంచిదే, లేకుంటే ఎండకాలంల లగ్గం చేసేస్త" అని తేల్చేశాడు బాపు. నాకప్పుడే పెళ్ళి వద్దు. బడి పెద్దసారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినాయన అని విని, అద్దం ముందు నిలబడి 'అండీ'లు సాధన చేశాను. వాకిట్లో వంకాయలు కోస్తున్న మా అవ్వ అంతా విన్నది. "ఏందే గా నఖరాలు? వగలమారి వంకాయ సెగ లేకనే ఉడికిందట, గట్లున్నది నీ యవ్వారం" అన్నది. నేను అద్దంలోకే చూస్తూ ఇంకో 'అండీ' అన్నాను.

బడికి పోతే, పరీక్షగా ఏడో తరగతికి ఒక పద్యం చెప్పమన్నారు. పెద్దసారు వెనక బెంచీలో కూర్చున్నారు. "పిల్లలూ, కూర్చోండండి" అని మొదలుపెట్టాను. కిటికీలోంచి తల పెట్టిన మేకను కూడా "వెళ్ళండమ్మా" అనే పంపించాను. పద్యంలో 'వగలు' అన్న మాట రాగానే ముందు బెంచీ పిల్ల లేచి, "వగలంటే ఏంది టీచర్?" అంది. "కృతకమైన హావభావ విలాసములండీ" అన్నాను. "విలాసమంటే?" అంది. పాత కావ్యాల్లో నాయికలు రాని అలకను తెచ్చుకోవడం, ఊరికే పైట సర్దుకోవడం, కవులు దానికే మురిసిపోయి పద్యం మీద పద్యం రాయడం, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పిల్లలు ఆవలించారు. పెద్దసారు గడియారం చూసుకున్నారు. నాకు పచ్చటి లగ్గం పందిరి కళ్ళకు కట్టింది. ఆ భయంతో ఇంటి తెలుగే బయటపడింది. "అరె, గిట్ల సూడుర్రి. వగలమారి వంకాయ సెగ లేకనే ఉడికిందట. పొయ్యిల మంటనే లేదు, వంకాయ ఉడికినట్టు మెత్తవడి కూసున్నది. లేనిది ఉన్నట్టు చేసుడే వగలు." తరగతంతా గొల్లుమంది. ఆ పిల్ల మాత్రం ఆలోచించి, "అయితే టీచర్, మీరు ఇందాకటి సంది మాట్లాడింది వగలేనా?" అంది.

పెద్దసారు వైపు చూసే ధైర్యం నాకు లేదు. "ఔ బిడ్డా, వగలే" అన్నాను (మేక సాక్షిగా ఇంకేమనాలి?). వెనక బెంచీ నుంచి పెద్దసారు నవ్వు వినిపించింది. "అమ్మా, ఈ మాట వీళ్ళిక జన్మలో మరచిపోరు. సోమవారం నుంచి వచ్చేయండి. ఆ 'అండీ'లు మాత్రం నాకొదిలేయండి" అన్నారు. ఆ ఎండాకాలం మా ఇంట్లో పందిరి పడలేదు.

ఇప్పుడు మా యాసకు మంచి రోజులొచ్చాయి. నాలాంటి తెలుగు టీచర్లను సభలకు పిలిచి, మన యాసలోనే మాట్లాడమంటారు. నేను కూడా వేదికెక్కి, ఇంట్లో ఏనాడూ అననన్ని 'గిట్ల'లు, 'గట్ల'లు కలిపి దంచుతాను. చప్పట్లు బాగానే పడతాయి. మొన్న భువనగిరి సభ నుంచి బస్సులో వస్తుంటే, ఈ కథ వినీ వినీ పెరిగిన మా బిడ్డ నా చెవి దగ్గరికి వంగి, "అమ్మా, వంకాయ మళ్ల ఉడికింది" అన్నది. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాటతో ఆమె వచ్చి పక్క సీట్లో కూర్చున్నట్టే అనిపించి, కిటికీ వైపు తిరిగి చాలాసేపు నవ్వుకున్నాను.