నీకూ వినబడిందా అమ్మా?

నా కూతురు పోయింది. కామెర్లు ముదిరి ధర్మపురి ఆసుపత్రిలోనే కన్ను మూసింది. ఈ తమిళ సీమలో, కడత్తూరులో మా అంగడికి వచ్చేవాళ్లు "ఆ పిల్లకు తల సరిలేదు గదా, దాంతోనేనా?" అని అడుగుతున్నారు. కాదు. అది ఎలాంటి పిల్లో మీకు చెప్పాలి.

చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని మొదలైనప్పుడు అది ఇంకా కాలేజీలో ఉంది. అప్పట్నుంచి ఏ చప్పుడునూ తనంతట తాను నమ్మేది కాదు. కుక్కర్ కూసినా "నీకూ వినబడిందా అమ్మా?" అని అడిగి, నేను ఊ అంటేనే లేచేది.

బెంగుళూరులో ఒక పరీక్ష ఉందన్నారు డాక్టర్లు. తలకు తీగల టోపీ పెట్టి, చెవుల్లో ఒకే చప్పుడు మళ్లీ మళ్లీ వినిపిస్తారు. మధ్యలో ఒకటి వేరేగా వస్తుంది. ఆ తేడాకు మెదడు ఎలా ఉలిక్కిపడుతుందో గీతల్లో కనిపిస్తుందట. ఈ జబ్బును మొదట్లోనే పట్టడానికి పనికొస్తుందేమో చూస్తున్నారట. దీనొక్కదానితో ఏమీ తేల్చలేమని ముందే చెప్పారు.

బయలుదేరే పొద్దున దాని తలకు దట్టంగా నూనె పట్టించాను. ఎండుతలతో ఆడపిల్లను బస్సెక్కిస్తే చూసినవాళ్లు ఏమంటారు?

"నూనె వద్దన్నారమ్మా. నిన్న ఫోన్లో చెప్పినారు."

"ఎవురే చెప్పింది? నీ చెవిలో కాపురముండేవాళ్లా?"

అది తల వంచి జడ వేయించుకుంది.

పరీక్ష చేసే అమ్మాయి దాని తల తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది. "నూనె ఉంటే తీగలు పట్టవని నిన్న ఫోన్ చేసి చెప్పాను గదా. ఎవరు పెట్టారు?" అని తమిళంలో అడిగింది. నేను నేలచూపులు చూశాను.

"నేనే అక్కా. మరిచిపోయినాను" అంది నా కూతురు.

అక్కడే కొళాయి కింద షాంపూతో దాని తల రుద్దాను. తిరుగు బస్సులో "ఎట్లుండెనే?" అని అడిగితే నవ్వింది.

"బాగుండెనమ్మా. అన్నీ నిజం శబ్దాలే. ఒకటిగూడా నువ్వు లేదనలేవు."

ఆ తర్వాత మందులతో కొంచెం తేరుకుంది. నన్ను అడగడం మాత్రం మానేసింది. కుక్కర్ కూస్తే తనే కాసేపు చెవి ఒగ్గి విని, లేచేది.

ఆఖరి స్నానానికి ఆడవాళ్లు నూనె గిన్నె తెచ్చారు.

"వద్దు. నూనె వద్దంది" అన్నాను.

"ఎవురు వదినా?" అంది మా ఆడబిడ్డ.

"నా బిడ్డ."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బెంగుళూరుకు బయలుదేరిన పొద్దున నేను నా కూతుర్ని అలాగే చూశాను.

నేనే షాంపూతో కడిగాను. తుడిచి పడుకోబెట్టాక, ఎండిన వెంట్రుకలు ఫ్యాను గాలికి దాని నుదుటి మీద లేస్తూ, పడుతూ ఉన్నాయి.