హద్దురాయికి ఇవతల

మంచు తడి ఆరకముందే కుక్కవామింట కాయలు కోసి, తడిగోనెలో చుట్టి ఇల్లు చేరాలి. ఎండ పడిందా, కాయ నోరు తెరిచి గింజంతా నేలపాలు చేస్తుంది. జీవమ్మకు ఈ సంగతి తల్లి చెప్పింది. నల్లమల అంచున వానలకు పచ్చగా పూసే ఈ మొక్క ఆవాలకు చుట్టం లాంటిది. గింజ నల్లన, ఘాటు తక్కువ. ఆవాలు కొనలేనివాళ్ళు ఊరగాయల్లో వేసుకుంటారు. నందికొట్కూరు సంతలో ఆ గింజలిచ్చి జొన్నలు తెచ్చుకోవడమే విధవరాలైన జీవమ్మకు చలికాలంలో ఆసరా.

1924 కార్తీకంలో అడవి గార్డు మద్దిలేటి ఆమెను ఆపాడు.

“మూటలో ఏముండాది?”

“కనపడలేదాప్పా? మేక గూడా మూతి పెట్టని మొక్క.”

“సర్కారిచ్చిన నీ అడవి చీటీలో కట్టెపుల్లలే రాసుండారు.”

“పదేండ్లుగా తెస్తాండా. సర్కారు దీంతో తాలింపు పెట్టుకుంటాదా?”

“నా నౌకరీ పోతే సంగటి నువ్వు పెడ్తావా? రేంజరు దొర రానీ.”

“సరే, పెట్టుకో. నీడన పెట్టు, గోనె ఇప్పొద్దు.”

“సర్కారు సొత్తు ఎట్ల పెట్టల్లో నాకు చెప్తాండావా?”

దొరకు బాగా కనబడాలని మద్దిలేటి మూట విప్పి, అడవి హద్దురాయికి ఇవతలున్న తన గుడిసె వాకిట్లో పరిచాడు. రేంజరు మూడోనాడు వచ్చాడు. అప్పటికి మిగిలింది పొట్టు. ఆయన కాలితో కదిపి చూసి, కేసు లేదన్నాడు. అయితే చీటీలో లేనిది అడవిలోంచి తేగూడదని జీవమ్మకు గట్టిగా చెప్పి పోయాడు.

ఆ చలికాలం ఆమె కూలికి పోయి వేరుశెనగ పెరికింది. పని దొరకని రోజు గంజి తాగి పడుకుంది.

మరుసటి యేడు వానలకు మద్దిలేటి గుడిసె చుట్టూ నడుమెత్తు పచ్చపూలు లేచాయి. పంచెకు జిగురంటుతోందని పెండ్లాం తిట్టినా, అతనికి పీకడానికి చెయ్యి రాలేదు. కాయ ముదిరిన రోజు జీవమ్మ కొడవలితో వచ్చింది.

“యాడికి పోతాండావు?”

“యాడికీ పోను. హద్దురాయి ఆడుండాది, నేను ఈడ ఉండా.”

“ఇది నా వాకిలి గదా!”

“నీదే లేప్పా. శుభ్రం చేసి పోతా.”

మద్దిలేటి కాసేపు రాయి వైపు చూశాడు. తర్వాత లోపలికి పోయి గోనెసంచి తడిపి తెచ్చాడు.

ఆ యేడు గింజలు నాలుగు శేర్లయ్యాయి. అడవిలో ఎన్నడూ మూడు దాటలేదు.