కడుపుతో ఉన్నప్పటి కుర్తా

బేస్తవారిపేట అంగన్‌వాడీ టీచరు విజయలక్ష్మికి ఏటా క్రిస్మస్ కుర్తా మార్కాపురంలో కుట్టించుకొచ్చేది స్నేహితురాలు షారోన్. చర్చిలో ఇద్దరూ పక్కపక్కనే నిలబడి పాడతారు. షారోన్ కుర్తా ఒంటికి అతికినట్టుండేది. విజయలక్ష్మిది గోతాంలా వేలాడేది.

“నీ ఒళ్లే అట్లాంటిదక్కా, ఏ మోడల్ కుట్టించినా ఇంతే,” అనేది షారోన్. నిజమే కాబోలనుకుని విజయలక్ష్మి అద్దం చూడటమే తగ్గించేసింది.

ఈసారి షారోన్‌కు జ్వరమొస్తే తనే టైలర్ దగ్గరికి వెళ్లింది. షారోన్ ఏటా కుట్టించేది తనకేనని చెప్పి, నడుము దగ్గర పట్టి, కింద వెడల్పయ్యే మోడల్ కావాలంది. టైలర్ ఆమెను ఎగాదిగా చూశాడు.

“మీకు బాగుంటాదమ్మా. మరి షారోనమ్మ మీ ఆది అని ఇంత పెద్దది ఇచ్చిపోయిందేంది?” అంటూ కొలతకు ఉంచుకున్న పాత కుర్తా తీశాడు.

నీలం రంగు, పొట్ట దగ్గర కుచ్చులు. కూతురు కడుపులో ఉన్నప్పుడు విజయలక్ష్మి తొడుక్కున్నది. కాన్పయ్యాక, ఇల్లు తుడవటానికి పాతగుడ్డ కావాలని షారోనే అడిగి పట్టుకుపోయింది. ఆ కూతురిప్పుడు మూడో తరగతి.

క్రిస్మస్ ఆరాధనకు కొత్త కుర్తాలో వచ్చిన ఆమెను చూసి షారోన్ నోరు తెరిచింది. “ఎంత సన్నబడినావక్కా!”

విజయలక్ష్మి సంచిలోంచి నీలం కుర్తా తీసి ఆమె చేతిలో పెట్టింది.

“ఇల్లు తుడుస్తానని తీసుకపోతివే, ఇంకా తుడవలేదేంది?”