సెల్లార్‌లో ప్లగ్గు పీకిందెవరు?

దయ్యాలని ఎవరన్నా అంటే నవ్వేసే మనిషిని నేను. దయ్యాలు వెళ్లగొట్టే కూటాలకు మా చర్చివాళ్లు ఎన్నిసార్లు పిలిచినా వెళ్లలేదు. ఇప్పటికీ వెళ్లను. కానీ పోయిన వానాకాలం మా ఇంట్లో జరిగినదాన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు.

మాది సూళ్లూరుపేట. పెళ్లి జాకెట్లు కుడతాను. బట్టలన్నీ ఇంటి కింద సెల్లార్‌లో ఉంటాయి. గోడలు చెమ్మగిల్లి, మగ్గం వర్క్ చేసిన జాకెట్‌కు బూజు పట్టింది. అందుకని గాలిలో తేమ లాగే మిషన్ కొన్నాను. డీహ్యూమిడిఫయర్ అంటారు.

ఇంటి వైరింగ్ చేసింది మా సొంత అన్నే. "ఎర్తింగ్ గట్టిగా వేసినానమ్మా. పెరట్లో ఆ ఎర్తింగ్ గుంటలో రోజూ చెంబుడు నీళ్లు పోస్తా ఉండు, చాలు" అన్నాడు. ఆరేళ్లుగా పోస్తున్నాను. జ్వరమొచ్చినా మానలేదు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టకుండా, మిషన్‌ను నేరుగా గోడకున్న మూడు పిన్నుల సాకెట్‌కే పెట్టాను. సాయంత్రం ఆన్ చేసి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకునేదాన్ని. పొద్దున్నే బట్టలుతికి, తడి చేతులతో, చెప్పుల్లేకుండా దిగి, మిషన్ తొట్టిలో చేరిన నీళ్లు పారబోసేదాన్ని.

రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు దిగేసరికి ప్లగ్గు పీకి ఉంది. వైరు శుభ్రంగా చుట్ట చుట్టి మిషన్ మీద పెట్టి ఉంది.

మా ఆయనకు కరెంటు బిల్లంటే భయం. నేను నిద్రపోయాక తాళంచెవి తీసుకుని దిగాడనుకుని విరుచుకుపడ్డాను. "నేను దిగనే లేదే" అన్నాడు. నమ్మలేదు. మర్నాడూ అంతే. ఆయనతో మాట్లాడటం మానేశాను.

తర్వాత ఆయన పని మీద చెన్నై వెళ్లాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. ఊడకుండా ప్లగ్గుకు టేపు వేసి వచ్చాను. పొద్దున చూస్తే ఆ టేపు ఒలిచి, వైరు చుట్ట మీద అతికించి ఉంది.

అన్న ఫోన్ ఎత్తలేదు. మిషన్‌లోనే ఏదన్నా ఉందేమో చూడమని, వీధిలో ఉన్న వేరే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. అతను స్విచ్ వేసి, టెస్టర్‌ను మిషన్ రేకుకు ఆనించాడు. వెలిగింది.

"లోపల వైరు రేకుకు తగలతా ఉందక్కా. ముట్టుకోబాక. ఎర్తింగుంటే ఫ్యూజన్నా పోవాల గదా" అంటూ గుంట తవ్వాడు.

పైపు ముక్క ఒకటి బయటపడింది. దానికి తీగే లేదు. మిగతాదంతా ఇసుక, నేను పోసిన నీళ్లు.

సాయంత్రం అన్న వచ్చాడు. "అప్పుడు తొందరలో వదిలేసినా. ఇన్నాళ్లూ ఏం కాలా గదమ్మా" అన్నాడు. మరిచిపోయానంటే క్షమించేదాన్నేమో. వచ్చినప్పుడల్లా నేను ఆ గుంటలో నీళ్లు పోస్తుంటే, చూస్తూ కూర్చుని కాఫీ తాగాడు.

ఎర్తింగ్ కొత్తగా వేయించాను. షాక్ కొట్టేలోపే కరెంటు ఆపేసే ట్రిప్పర్ పెట్టించాను. మిషన్ బాగుచేయించాను. మా ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆ రోజు నుంచి ప్లగ్గు ఎవరూ పీకలేదు.

తాళం వేసిన గదిలోకి ఎవరొచ్చారో, నా ప్రాణం మీద వాళ్లకెందుకంత అక్కరో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. తెలిస్తే కూర్చోబెట్టి కాఫీ ఇద్దును. మా అన్నకు ఇవ్వడం మానేశాను.