పల్లె పేరు రాసే గడి

దేశం కాని దేశంలో, జురాంగ్ ఈస్ట్ ఆఫీసులో కూర్చుని, ఎక్కడో గ్రీసు కొండల్లో ఉన్న ఒక మున్సిపాలిటీకి రికార్డుల ప్రోగ్రామ్ రాసేవాణ్ణి. కొన్ని పల్లెల్ని కలిపేసి దాన్ని కొత్తగా చేశారట. అందుకని పల్లె పేరు రాసే గడి తీసెయ్యమన్నాడు మా మేనేజరు. తీసేశాను. నేను బ్యాగు సర్దుకునే వేళకి రోజూ అక్కడి గుమాస్తా దగ్గర్నుంచి అదే మెయిలు: జనం ఒప్పుకోవడం లేదు, ఆ గడి మళ్ళీ పెట్టండి. కలిసిపోయాక ఇంకా పాత పేరేమిటి, నా ప్రాణం తీస్తున్నారని విసుక్కునేవాణ్ణి.

ఒక సాయంత్రం ట్రైన్లో, ఫోన్లో నా తెలుగు విని, పక్క సీటు అంకుల్ "మనది ఏ ఊరు బాబూ?" అని అడిగారు. ఠక్కున మా పల్లె పేరు చెప్పాను.

"అదెక్కడ?"

టౌను మున్సిపాలిటీలో కలిపేశారండీ, ఇప్పుడది వట్టి వార్డు నంబరని చెప్పాల్సొచ్చింది.

మర్నాడు ఎవర్నీ అడక్కుండా ఆ గడి పెట్టేశాను. మేనేజరు అరిస్తే అరవనీ.