ఓడ లేటయిందా సార్?

ఉప్పుగూడలో లోకల్ రైలెక్కి కూర్చోగానే సంచిలోంచి ఒక రబ్బరు రింగు తీసి చూసుకున్నాను. మా పంపుల ఫ్యాక్టరీకి ఏ సామాను ఎక్కణ్ణుంచి తెప్పించాలో చూసేది నేనే. ఈ రింగులు చైనా నుంచి ఓడలో రావాలి. రాలేదని ఉప్పుగూడ గల్లీలో కొన్ని నమూనాకు చేయించుకుని వస్తున్నాను.

ఎదుటి సీట్లో వేళ్లు నల్లబడ్డ ఒక పెద్దాయన నన్నే చూస్తున్నాడు.

"ఓడ లేటయిందా సార్?"

ఆఫీసులో ముగ్గురికే తెలిసిన సంగతి. పోటీ కంపెనీ మనిషేమో! "ఏ ఓడ?" అంటూ సంచి ఒళ్లోకి లాక్కున్నాను.

"మాది గూడ గీ రింగుల పనే. ఓడ లేటయితెనే మీ అసొంటోళ్లు మా గల్లీకొస్తరు. అది రాంగనే మమ్ముల మర్చిపోతరు. పని లేక రింగులు జేసే అచ్చు తుప్పు పడ్తది. మళ్లొచ్చి రేపే గావాలంటరు."

ఆయన దిగిపోయాక రింగులు లెక్కపెట్టుకున్నాను. అన్నీ ఉన్నాయి.

తర్వాతి నెల ఓడ సమయానికే వచ్చింది. అయినా ఆ గల్లీకి చిన్న ఆర్డరు రాసి మేనేజరు ముందు పెట్టాను.

"ఓడ వచ్చింది గదా, ఇదెందుకు? ఆడ నీకు చుట్టాలున్నరా ఏంది?" అన్నాడు.

లేరన్నాను. రైల్లో నేను ఆ పెద్దాయనను చూసినట్టే చూశాడు నన్ను.