వెనక టైరులో గాలి

మొన్నొక సాయంత్రం రాజాంలో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని ఉండగా మనవరాలు తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇటలీలో సైకిళ్ళ పందెమట. కొండ తర్వాత కొండ, వాటి వంపుల్లో ద్రాక్షతోటలు, ప్రతి కొండ నెత్తినా రాతిగోడల వెనక ఏనాటి దొరలదో ఒక పాత ఊరు, ఆ ఊళ్ళ ఇరుకు సందుల్లోంచి రంగురంగుల చొక్కాల కుర్రాళ్ళు వంగి తొక్కుకుంటూ పోతున్నారు. ఎక్కుడు వచ్చినప్పుడు సీటు మీంచి లేచి, బండిని అటూ ఇటూ ఊపుతూ, పళ్ళు బిగబట్టి ఎక్కుతున్నారే గాని ఒక్కడూ కాలు కింద పెట్టడం లేదు. కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. మా సాలూరు ఘాటీ ఇంతకు తక్కువేమీ కాదనీ, ఇరవై మూడో ఏట ఎక్కడా దిగకుండా దాన్ని ఎక్కాననీ చెప్పాను. పిల్ల సంబరపడి ఆ మాట ఇంటిల్లిపాదికీ చెప్పి వచ్చింది.

అది అబద్ధం కాదు. ఎక్కిన మాట నిజమే. కాని అంతకు ముందు రోజు జరిగిన సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా ఈడువాళ్ళకైతే ఆ రోజుల పద్ధతులు తెలుసు గనుక, ఇక్కడ రాస్తున్నాను. క్షమించమని కాదు.

మాది మక్కువ వైపు కొండల అంచున ఉన్న ఊరు. తాతగారి కాలంలో చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళు మా ఇంటి మాట మీద నడిచేవట. నాకు ఊహ తెలిసేనాటికి మిగిలినవి సగం కూలిన లోగిలి, ఏనుగు లేని ఏనుగుశాల, నాన్నగారి కోరమీసం. భూములు పోయాయి, పనివాళ్ళు పోయారు, ఇంటి వెనక గోడ ఏటేటా వానకి కొంచెం కొంచెంగా కూలుతూ వచ్చింది. ఒక్క మర్యాద మాత్రం ఎందుకో కూలలేదు. మా వాకిలి ముందు నుంచి సైకిల్ మీద వెళ్ళే రైతు ఎవరైనా సరే, ప్రహరీ మొదట్లోనే దిగి, బండి నడిపించుకుంటూ గోడ దాటాక మళ్ళీ ఎక్కేవాడు. దారిలో మేం ఎదురైనా అంతే. ఎవరూ అడగలేదు, ఎవరూ మానమనలేదు. అరుగు మీద కూర్చుని పుస్తకం చదువుతున్నట్టు నటిస్తూ, సైకిల్ చైను టకటకమంటూ నెమ్మదించే ఆ చప్పుడు కోసం నేను చెవులు రిక్కించేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

బొబ్బిలిలో బడిపంతులుగా నాకు ఉద్యోగం వచ్చినప్పుడు నాన్నగారు సాలూరు బజారులో ఒక ఆకుపచ్చ సైకిల్ కొనిచ్చారు. ఆ చుట్టుపక్కల అలాంటి రంగు బండి ఇంకొకటి లేదు. దాన్ని నేను సైకిల్‌లా కాక గుర్రంలా చూసుకున్నాను. తోటి పంతుళ్ళెవరైనా ఓసారి అడిగినా ఇచ్చేవాణ్ణి కాదు.

ఆ ఏడు వానలు పడకముందు నేనూ, ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారం చేసే మా మేనత్త కొడుకూ కలిసి కొండదారుల్లో సైకిల్ ప్రయాణం పెట్టుకున్నాం. బొబ్బిలి కోట దగ్గర బయలుదేరి సాలూరు వెళ్ళి ఆ రాత్రికి అక్కడ ఉండి, మర్నాడు ఘాటీ ఎక్కి ఒరిస్సా సరిహద్దు చూసి రావాలని. బావ బొబ్బిలిలోనే అద్దె సైకిల్ ఒకటి తీసుకున్నాడు. దానికి బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు, వెనక క్యారియరూ లేదు. వాడి నోరే బెల్లు. తెల్లవారుతూనే కదిలాం. వీణలు చేసేవాళ్ళ వాకిళ్ళలో పనస చెక్క వాసన, మామిడితోటల్లో చల్లగాలి, దూరాన మబ్బులో మబ్బులా కలిసిపోయిన కొండల వరస, తలల మీద గంపలతో వారపు సంతకు దిగి వస్తున్న కొండ ఆడవాళ్ళు. అంత హాయిగా నా జీవితంలో మరెప్పుడూ సైకిల్ తొక్కలేదనిపిస్తుంది.

దారిలో ఒకప్పటి మా ఊళ్ళు నాలుగు దాటాం. పట్నంలో చదువుకున్న నన్ను అక్కడ ఎవరూ గుర్తుపట్టలేదు. మా ఊరికి రెండు మైళ్ళ ఇవతల ఒక గట్టు ఉంది, దాని నెత్తిన, సాలూరు మీదుగా విజయనగరం పోయే బస్సు రోడ్డు కలుస్తుంది. సగం ఎక్కి కల్వర్టు గోడ మీద ఆయాసం తీర్చుకుంటుంటే బావ మొదలుపెట్టాడు.

“ఏటి బావా, ఈ ఊళ్ళన్నీ మీవేనని దారి పొడుగునా సెప్పుకొచ్చావు, ఒక్కడూ తలెత్తి సూడ్డేటి? మీ రాజ్యం సంగతి నీకు తప్ప ఎవలికీ తెలీదనుకుంటాను.”

నాకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. సరిగ్గా అప్పుడే కింది నుంచి ఒక ముసలి రైతు, వెనక క్యారియర్ మీద కూతుర్ని కూర్చోబెట్టుకుని, నిలబడి తొక్కుతూ గట్టెక్కి వస్తున్నాడు. మెడనరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. ఎక్కుడులో సైకిల్ తొక్కినవాళ్ళకి తెలుస్తుంది, అందులోనూ వెనక మనిషి ఉంటే, ఒకసారి కాలు కింద పెడితే ఊపు పోతుంది, మళ్ళీ ఎక్కడం అయ్యే పని కాదు. ఆయన నన్ను చూశాడు. నాన్నగారి పోలికలు కనిపెట్టినట్టున్నాడు.

“దిగకు నాన్నా, బస్సెల్లిపోతాది,” అంది కూతురు.

“నోర్ముయ్యే. బాబుగోరు కూకున్నారు, కనబడ్డంలేదేటి?” అంటూ ఆయన దిగిపోయాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని దండం పెట్టాడు.

దండం అందుకుని, సరే వెళ్ళవయ్యా అంటే సరిపోయేది. ఒక్క మాట. కాని బావ చూస్తున్నాడు. వాడికి చూపించాలి. ఏ ఊరు నీది అని అడిగాను. ఎవరి కొడుకువి అన్నాను. తాతగారిని ఎరుగుదువా అన్నాను. ఆయన ఒగరుస్తూనే ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. ఆ పిల్లే ఆగలేక, నర్సు ట్రైనింగుకి విజయనగరంలో ఇంటర్వ్యూ అనీ, మధ్యాహ్నంలోగా అక్కడ ఉండాలనీ, ఈ బస్సు తప్పితే మరి లేదనీ చెప్పింది. అప్పుడైనా వదలవలసింది. పంతుల్ని కదా, పదో తరగతిలో ఎన్ని మార్కులని అడిగాను. చేతిసంచిలోంచి తీసిన సర్టిఫికెట్టు అందుకుని, తీరిగ్గా చదివి, లెక్కల్లో ఇంకొంచెం శ్రద్ధ పెట్టాల్సిందన్నాను. ఆ కాగితం నా చేతిలో ఉండగానే గట్టు నెత్తిన హారన్ వినిపించింది. నలుగురం తలెత్తి చూస్తుండగా దుమ్ము లేపుకుంటూ బస్సు మలుపు తిరిగి పోయింది.

బావ గోడ మీంచి ఒక్క దూకు దూకాడు. “బావా, నీ బండియ్యి. ఈయన డొక్కుబండి మీదైతే అందుకోలేం. సాలూర్లో పావుగంట ఆగుతాది. గట్టు దాటితే అంతా దిగుడే కదా, ఈ గుంటని ఎక్కించుకుని తొక్కేస్తాను.”

అందేదే. నా బండి మీద, బావ కాళ్ళకి, తప్పకుండా అందేదే. కాని నా కళ్ళ ముందు సాలూరు బజారు కనిపించింది. ఆకుపచ్చ సైకిల్ ఎవరిదో ఆ బజారులో అందరికీ తెలుసు. దాని వెనక మా పాత రైతు కూతురు కూర్చుని పోతుంటే, ఆ కబురు నాన్నగారి దాకా వెళితే? నేను వంగి చక్రం చూసినట్టు చూసి, వెనక టైరులో గాలి లేదు, ఇద్దర్ని మోయదు అన్నాను.

ఆ పిల్ల సంచి కింద పెట్టింది. నా సైకిల్ దగ్గరికి వచ్చి, వంగి, బొటనవేలితో వెనక టైరు నొక్కింది. పొద్దున్నే నేను పంపు కొట్టిన టైరు, రాయిలా ఉంది. లేచి నిలబడి నా మొహంలోకి చూసింది. నా చేతిలోని సర్టిఫికెట్టు తీసుకుని, మడతపడకుండా సంచిలో పెట్టుకుని, వచ్చిన దారినే కిందికి నడిచింది. వాళ్ళ నాన్న నాకు మరోసారి దండం పెట్టి, సైకిల్ పట్టుకుని ఆమె వెనకే వెళ్ళాడు.

మర్నాడు ఘాటీ ఎక్కాను. కసిగా తొక్కాను, ఎక్కడా దిగలేదు. బావ మధ్యలో దిగి నడిచాడు. పైకి వచ్చాక భేష్ అంటాడని చూశాను, వాడు నీళ్ళు తాగి కొండల వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో కలిసేవాడు, నవ్వేవాడు, కాని నాతో సైకిల్ ప్రయాణానికి మళ్ళీ రాలేదు. నిరుడు పోయాడు. ఆ రోజు మాట ఒక్కసారైనా నా మొహం మీద అనలేదు. అని ఉంటే తేలిక పడేవాణ్ణేమో.

పదిహేను రోజులకి ఆ ముసలాయన మా లోగిలికి వచ్చాడు. కూతురికి వేరే ఏర్పాటు ఏమైనా చెయ్యమని అడుగుతాడేమోనని లోపల భయపడుతూనే బయటికి వచ్చాను. అరుగు కింద నిలబడి, “ఆవేళ మా గుంట తమరి బండిని ముట్టుకున్నాది, తమర్ని అనుమానించినట్టయిపోనాది. సిన్నపిల్ల, మనసులో ఎట్టుకోకండి బాబూ,” అన్నాడు.

పరవాలేదులే, అన్నాను.

ఆ మాట అన్న నోరు ఇదే. పక్కనే నాన్నగారు మీసం దువ్వుకుంటూ రైతు వినయానికి సంతోషించారు. ఇంటర్వ్యూ సంగతి నేను అడగలేదు. ఆ పిల్లని కొండ అవతల ఊరికి ఇచ్చారని తర్వాతెప్పుడో విన్నాను. అంతకు మించి తెలియదు. తెలుసుకోవడానికి నడుం వంచలేదనడం సరైన మాట.

ఇప్పుడు లోగిలి లేదు, ఆ చోట ఎవరిదో మొక్కజొన్న చేను. ఏడాదికోసారి గ్రామదేవతకు దీపం పెట్టడానికి వెళ్ళి, ఆ గట్టు దగ్గర ఆటో దిగి నడుస్తాను. మోటారుసైకిళ్ళు నన్ను రాసుకుంటూ పోతాయి. ఒకప్పుడు అది నాకు అవమానంగా ఉండేది, మర్యాదలు పోయాయని చుట్టాల దగ్గర వాపోయేవాణ్ణి. పొద్దుటి పూట బడికి పోయే ఆడపిల్లలు యూనిఫాంలో, జడలు ఊగుతూ, సైకిళ్ళ మీద గుంపుగా గట్టెక్కుతారు. సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతారు, ఒకరి మీద ఒకరు వేళాకోళాలాడుకుంటారు. వాళ్ళలో ఒక పిల్లనైనా ఆపి, ఏ ఊరమ్మా, ఎవరి మనవరాలివి అని అడగాలని నోటిదాకా వస్తుంది. అడగను. వాళ్ళకి ఆలస్యమవుతుంది.